ఎనిమిది నెలలు మానని పుండు, గంటంపావు ప్రశ్నలు

కాలి మీద పుండు ఎనిమిది నెలలు ఉంటే మనిషి దానికి అలవాటుపడిపోతాడు. నేనూ పడ్డాను. పొద్దున లేవగానే కట్టు తడిసిందా లేదా అని చూసుకోవడం, ప్యాంటు అంచుకి రసి అంటకుండా లోపల ఒక గుడ్డముక్క పెట్టుకోవడం, ఎవరైనా మరీ దగ్గరగా వచ్చి నిలబడితే వాసన వస్తోందేమోనని ఒక అడుగు వెనక్కి వేయడం, ఇవన్నీ పళ్ళు తోముకున్నంత మామూలు పనులైపోయాయి. ఎడమ కాలు, లోపలివైపు, చీలమండకి నాలుగు వేళ్ళ పైన. మొదట బల్ల అంచు తగిలి గీసుకుపోయింది, అంతే. ఆ గీత మానలేదు. గీత కాస్తా గుండీ అంత అయింది, గుండీ కాస్తా అరచేతిలో సగం అయింది.

నేను కటింగ్ మాస్టర్‌ని. ముప్పై ఒక్క ఏళ్ళుగా కటింగ్ బల్ల ముందు నిలబడే చేస్తున్నాను, కూర్చుని గుడ్డ కత్తిరించడం నాకు రాదు.

ఆ ఎనిమిది నెలల్లో చూపించుకోలేదని కాదు. మూడు చోట్లకి తిరిగాను, పేర్లు ఇక్కడ అనవసరం. ప్రతిచోటా ఒకటే వరస: కట్టు విప్పారు, పుండు చూశారు, "ఇన్‌ఫెక్షన్" అన్నారు, మందులు రాశారు. యాంటీబయాటిక్ నాలుగు కోర్సులు వాడాను. షుగర్ ఉందేమోనని రక్తపరీక్ష చేయించారు, లేదు. ఒకచోట రాసిన ఆయింట్‌మెంట్ పెట్టినప్పటి నుంచి పుండు చుట్టూ ఎర్రగా పొక్కి, రాత్రిళ్ళు గోకి గోకి ప్రాణం పోయేది. అది చూసి ఇన్‌ఫెక్షన్ పాకిందని ఇంకో కోర్సు. ఇంత జరిగినా ప్యాంటు మోకాలి దాకా ఎత్తమని ఒక్కరూ అడగలేదు. నేనూ ఎత్తి చూపించలేదు, ఆ తప్పు నాదే. గాయం చీలమండ దగ్గర ఉంటే మోకాలితో పనేంటి అనుకున్నా.

చివరికి మా అమ్మాయి పట్టుబట్టి గాయాల క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంది. అక్కడ డాక్టర్ కంటే ముందు, గాయాల పని ప్రత్యేకంగా నేర్చుకున్న నర్సు చూస్తారట. ఫోన్‌లోనే మూడు సంగతులు చెప్పారు: వాడుతున్న మందుల అట్టలు, ట్యూబులు అన్నీ తెచ్చుకోండి, రెండు కాళ్ళూ మోకాలి పైదాకా మడిచేంత వదులు బట్టలు వేసుకోండి, తొందరపడి వెళ్ళే పని పెట్టుకోకండి. రెండు కాళ్ళూ ఎందుకో నాకు అర్థం కాలేదు. పుండు ఉన్నది ఒక్కదానికేగా.

వెళ్ళగానే నేను అలవాటు ప్రకారం వంగి కట్టు విప్పబోయాను. సిస్టర్ ఆపారు. "దానికి టైముంది మాస్టర్‌గారూ, ముందు కూర్చోండి" అని, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నారు. అక్కడి నుంచి ప్రశ్నలు. నలభై నిమిషాల దాకా ఆవిడ కాలు ముట్టుకోలేదు. నాకు లోపల విసుగే వచ్చింది, ఒప్పుకుంటాను.

ఏం పని, రోజుకి ఎన్ని గంటలు నిలబడతారు, మధ్యలో నడుస్తారా లేక ఒకేచోట నిలబడతారా. ఒకేచోట అన్నాను, పది గంటలు. మీ అమ్మగారికో నాన్నగారికో కాళ్ళమీద నరాలు ఉబ్బేవా. (మనం నరాలు అంటాం గానీ అవి సిరలు, చెడు రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళేవి.) మా అమ్మకి ఉండేవి, చీలమండలు నల్లగా ఉండేవి, పనిచేసిన కాళ్ళు అంతే అనుకునేవాళ్ళం. ఇంతకుముందు ఇలాంటి పుండు వచ్చి మానిందా. లేదు. బరువు ఈ మధ్య పెరిగారా. పెరిగాను. సిగరెట్. మానేసి చాలాకాలం అయింది. నడిస్తే పిక్క పట్టేసి ఆగాల్సి వస్తుందా, ఆగితే తగ్గుతుందా. అలా లేదు. గుండె, కిడ్నీ జబ్బులు, కీళ్ళవాతం? లేవు.

నొప్పి ఎప్పుడు ఎక్కువ అని అడిగినప్పుడు సాయంత్రం అన్నాను. సున్నా నుంచి పది వరకు లెక్కలో ఎంత అంటే ఆరు. కాలు ఎత్తులో పెడితే పెరుగుతుందా తగ్గుతుందా అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ ఎత్తులో పెట్టలేదు. రాత్రి ఎలా పడుకుంటారు అంటే, రెండేళ్ళుగా కుర్చీలోనే అన్నాను. ఆవిడ పెన్ను ఆగింది. "కాలు కిందికి వేలాడేస్తేనే నొప్పి తగ్గుతుందనా?" అని రెండుసార్లు అడిగారు. కాదు, నడుం నొప్పి, మంచం మీద వెల్లకిలా పడుకోలేను, అందుకని. ఆ ప్రశ్న అంత గట్టిగా ఎందుకు అడిగారో తర్వాత చెప్పారు: కాలికి మంచి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోయినవాళ్ళకి కాలు పైకి పెడితే నొప్పి పెరిగి, కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటుంది. సిరల పుండు ఉన్నవాళ్ళకి సాధారణంగా అది తిరగబడి ఉంటుంది. రెండిటికీ వైద్యం పూర్తిగా వేరు, ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తే కాలికే ప్రమాదం. నా కుర్చీ నిద్ర వల్ల జరిగింది మాత్రం ఏమిటంటే, పగలు పది గంటలు నిలబడి, రాత్రి కూడా కాళ్ళు కిందికే పెట్టి, వాటికి ఇరవై నాలుగు గంటల్లో ఒక్క గంట కూడా ఊపిరాడనివ్వలేదు.

మందుల అట్టలు ఒక్కొక్కటీ తిప్పి చదివారు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ దగ్గర ఆగి, ఇది కొందరికి చీలమండల దగ్గర నీరు చేరుస్తుంది, మీరైతే ఆపకండి, డాక్టర్‌కి రాస్తాను అన్నారు. ఆయింట్‌మెంట్ ట్యూబు చూసి, పెట్టడం ఎప్పుడు మొదలుపెట్టారు, దురద ఎప్పుడు మొదలైంది అని అడిగారు. అప్పటిదాకా ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. వారం తేడా. అందులో నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. కాళ్ళ పుండ్లు ఉన్నవాళ్ళ చర్మానికి ఎలర్జీలు త్వరగా వస్తాయట, నియోమైసిన్, లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు), సువాసన కలిపిన క్రీములు, రబ్బరు, ఇవన్నీ అనుమానించాల్సినవే. తర్వాత కట్టు విప్పినప్పుడు చూపించారు కూడా, ఆయింట్‌మెంట్ ఎక్కడిదాకా రాశానో ఎరుపు సరిగ్గా అక్కడిదాకే ఉంది, సుద్దతో గీసినట్టు.

అసలు సంగతి మాత్రం ఇంకో ప్రశ్నలో బయటపడింది. ఎప్పుడైనా ఈ కాలికి దెబ్బ తగిలిందా, ఎముక విరిగిందా, ఆపరేషన్ అయిందా? లేదండి, అన్నాను వెంటనే. మా అమ్మాయి పక్కనుంచి, "నాన్నా, నా చిన్నప్పుడు పిండికట్టు వేశారు కదా నీకు" అంది. నిజమే. పంతొమ్మిదేళ్ళ కిందట మెట్ల మీద జారి ఎడమ కాలి ఎముక విరిగింది, ఆరు వారాలు పిండికట్టు. నేను పూర్తిగా మర్చిపోయాను, మానిపోయిన ఎముకని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కట్టు తీశాక కాలు బాగా వాచిందా అని అడిగారు. వాచింది, పిక్క గట్టిగా రాయిలా ఉండేది, కదలక అలా అయిందిలే అన్నారు ఇంట్లోవాళ్ళు, నెల తర్వాత తగ్గింది. పూర్తిగా తగ్గిందా? ఆలోచిస్తే... లేదు. అప్పటినుంచే ఎడమ చెప్పు బిగుతుగా ఉండేది.

సిస్టర్ అప్పుడు కాగితం తిప్పి బొమ్మ గీశారు. కాలి సిరల్లో మెట్లు మెట్లుగా చిన్న తలుపులు ఉంటాయి, రక్తం పైకి వెళ్ళనిస్తాయి, కిందికి రానివ్వవు. దాన్ని పైకి తోసే మోటారు మన పిక్క కండరం. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే, 80, 90 దాకా ఉంటుంది. నడవడం మొదలుపెడితే పిక్క పిండుతుంది కాబట్టి 30 కిందికి పడిపోతుంది. లోతు సిరలో గడ్డ కడితే, ఆ గడ్డ కరిగినా తలుపులు చాలాసార్లు పాడైపోతాయి. పాడైతే నడిచినా ఒత్తిడి దిగదు, అలా ఏళ్ళ తరబడి ఉంటే రక్తంలోని ద్రవం, ఎర్రకణాలు చర్మంలోకి ఊరి చర్మం పాడవుతుంది. ఆ స్థితిలో బల్ల అంచు గీసుకున్నా చాలు. పుండు బల్ల వల్ల రాలేదన్నమాట, బల్ల తలుపు తట్టిందంతే. పిండికట్టు రోజుల్లో మీకు గడ్డ కట్టి ఉండొచ్చు, స్కాన్ చేస్తేనే తెలుస్తుంది, ఇప్పుడే ఖాయంగా చెప్పను అన్నారు. ఆ మాట నాకు నచ్చింది, అంతకుముందు అందరూ అన్నీ ఖాయంగానే చెప్పారు మరి.

అప్పుడు కాళ్ళు. రెండూ. మొదట నిలబెట్టి ముందు నుంచి, వెనక నుంచి చూశారు, ఎందుకంటే ఉబ్బిన సిరలు పడుకుంటే కనపడకుండా పోతాయి. ఎడమ తొడ లోపలివైపు నుంచి కిందికి మెలికలు తిరిగిన సిర ఒకటి ఉంది, నా కాలే, నేనే ఎప్పుడూ చూడలేదు. చీలమండ కింద సన్నటి నీలి గీతలు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. పుండు చుట్టూ చర్మం ఇటుకరంగు మచ్చలు. అది మట్టి కాదు, చర్మంలోకి ఊరిన రక్తంలోని ఇనుము మిగిల్చిన రంగు. పుండు రాకముందు ఏళ్ళ తరబడి పీచుతో రుద్దాను దాన్ని. బొటనవేలితో పాదం మీద కాసేపు నొక్కి తీస్తే సొట్ట పడింది. చీలమండ పైన మాత్రం ఎంత నొక్కినా సొట్ట పడలేదు, చెక్కలా గట్టిగా ఉంది, లోపలి కొవ్వు బిరుసెక్కిపోయిందట.

తర్వాత టేపు తీశారు. జీవితమంతా వేరేవాళ్ళకి టేపు పెట్టినవాణ్ణి, నాకు టేపు పెడుతుంటే నవ్వొచ్చింది. చీలమండకి పైన అన్నిటికన్నా సన్నగా ఉండేచోట ఎడమ 26.5, కుడి 23 సెంటీమీటర్లు. పిక్క లావుగా ఉండేచోట ఎడమ 36, కుడి 37.5. టేపు బిగించలేదు, వదల్లేదు, సరిగ్గా నేను పట్టినట్టే పట్టారు, మనసులో మార్కులు వేశాను. పాదం పైకీ కిందికీ ఆడించమన్నారు, కుడిది ఆడింది, ఎడమది సగమే ఆడింది. విరిగినప్పటి బిగుతు. చీలమండ ఆడకపోతే పిక్క మోటారు పూర్తిగా తిరగదు, కాబట్టి అది కూడా లెక్కలోకి వచ్చింది.

ఇదంతా అయ్యాక కట్టు విప్పారు. కాలిని గోరువెచ్చని కుళాయి నీళ్ళతో బేసిన్‌లో కడిగారు, పొలుసులన్నీ నెమ్మదిగా తీసి, సువాసన లేని మాయిశ్చరైజర్ రాశారు. ఎనిమిది నెలల్లో ఆ కాలికి నీళ్ళు తగలడం అదే మొదటిసారి, తడపకూడదని ఎవరో అంటే నేను పాలిథీన్ సంచి కట్టుకుని స్నానం చేసేవాణ్ణి. ఆ నీళ్ళలో కాలు పెట్టినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పితో కాదు.

పుండు మీద గళ్ళున్న పారదర్శక కాగితం వేసి మార్కర్‌తో చుట్టూ గీశారు, మేం ప్యాటర్న్ తీసినట్టే. పొడవు 5.2, వెడల్పు 3.4, గళ్ళు లెక్కపెడితే సుమారు 14 చదరపు సెంటీమీటర్లు. లోతు లేదు, అంచులు వంకరటింకర, అడుగు ఎర్రగా ఉండి మధ్యమధ్య పసుపు పొర. ఫోటో తీశారు, తేదీ రాశారు. అంచుల చుట్టూ వేలితో తడిమి చూశారు, అంచు చుట్టుకుపోయి పైకి లేచినా, సరైన వైద్యం మూడు నెలలు చేసినా కదలకపోయినా చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిస్తారట, అరుదుగా పాత పుండ్లలో క్యాన్సర్ ఉంటుంది కాబట్టి. దూదిపుల్లతో శాంపిల్ తీస్తారని ఎదురుచూశాను. తీయలేదు. ఏ పాత పుండులోనైనా క్రిములు ఉంటాయి, పరీక్షకి పంపితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఎరుపు పాకడం, వేడి, ఉన్నట్టుండి నొప్పి పెరగడం, జ్వరం, చీము, వీటిలో ఏమీ లేకపోతే దొరికిన క్రిమికి మందు వాడటం అనవసరం అన్నారు. నా నాలుగు కోర్సులు గుర్తొచ్చాయి.

ఇక డాప్లర్, అంటే రక్తం పారే శబ్దం వింటూ కాలి ధమనులు బాగున్నాయో లేదో చూసే పరీక్ష. పదిహేను నిమిషాలు చదునుగా పడుకోబెట్టారు, నడుం కింద దిండు పెట్టి. ముందు రెండు చేతులకీ బీపీ పట్టీ వేసి, మామూలు స్టెతస్కోప్ బదులు పెన్నులాంటి ప్రోబ్‌తో, జెల్ రాసి వింటూ కొలిచారు: 136, 142. ఎక్కువది తీసుకోవాలి, 142. తర్వాత పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, చీలమండ పైన పట్టీ వేసి, పాదం మీద ఒకచోట, లోపలి చీలమండ వెనక ఒకచోట నాడి వెతికారు. ఒకదానికి చాలాసేపు పట్టింది, నాకు టెన్షన్, వేళ్ళతో అందని నాడి అసలు లేదేమోనని. ఆవిడ ప్రోబ్‌ని ఇసుమంత వంచగానే "షూ... షూ..." అని శబ్దం గదంతా వినిపించింది. 146, 150. ఎక్కువదాన్ని చేతి అంకెతో భాగిస్తే 1.06. కుడి కాలికి 1.07. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే ధమనులు బాగున్నట్టు, గట్టి కట్టు కట్టొచ్చు. 0.8 కి తక్కువైతే పూర్తి ఒత్తిడి కట్టకూడదు, నిపుణుడు చూడాలి, 0.5 కన్నా తక్కువైతే కట్టే ప్రశ్నే లేదు, వెంటనే రక్తనాళాల సర్జన్ దగ్గరికి. 1.3 దాటినా మంచిదని కాదు, ధమనులు సున్నం పట్టి గట్టిపడితే పట్టీకి లొంగక అంకె దొంగగా పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. అందుకే ఇది చదివి ఎవరూ క్రేప్ బ్యాండేజ్ కొనుక్కుని సొంతంగా బిగించకండి, ఈ అంకె లేకుండా.

కట్టు గురించి కూడా ఒక మాట. పుండు మీద పెట్టింది అంటుకోని మామూలు డ్రెస్సింగే, ఏ ఖరీదైన మందూ కాదు. వైద్యం అంతా పైన కట్టిన ఒత్తిడి కట్టులో ఉంది, బీపీ లెక్కలోనే చీలమండ దగ్గర 40, పైకి పోయేకొద్దీ తగ్గుతూ. మొదట మెత్తటి దూది పొర, దానిమీద సాగే పొర, కాలివేళ్ళ మొదలు నుంచి మోకాలి కింద దాకా. సన్నటి చీలమండ మీద అదే లాగుడు ఎక్కువ ఒత్తిడి పెడుతుంది, లావు కాలి మీద తక్కువ పెడుతుంది, అందుకే టేపు కొలత అని చెబుతుంటే నాకు వెంటనే తలకెక్కింది. ఒకే ఎలాస్టిక్ మణికట్టు దగ్గర కోసినట్టుంటుంది, నడుం దగ్గర వదులుగా ఉంటుంది కదా. ఎముక పొడుచుకొచ్చిన చోట దూది ఎక్కువ వేశారు.

మొదటి రెండు రాత్రులు నరకం. ఎవరో కాలిని పట్టుకుని వదలనట్టు. వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేకపోయినా కట్టు విప్పేసి ఫోన్ చేయమన్నారు, గంటకోసారి వేళ్ళు చూసుకున్నాను, గులాబీ రంగులోనే ఉన్నాయి. చెప్పులో పాదం పట్టలేదు, పెద్ద సైజు తెచ్చుకోవాల్సి వచ్చింది. మూడో రోజు సాయంత్రం పనిలోంచి వచ్చి కూర్చున్నాక గమనించాను, ఆ రోజు నొప్పి గుర్తే రాలేదు.

స్కాన్‌లో తేలింది: మోకాలి వెనక లోతు సిరలో పాత గడ్డ మిగిల్చిన మచ్చ, తలుపులు మూసుకోవడం లేదు, చర్మం కిందే ఉండే పైసిర కూడా లీకే. పంతొమ్మిదేళ్ళ కిందటి పిండికట్టు. లోతు సిరలో దారి ఉంది కాబట్టి పైసిరని లోపలినుంచి వేడితో మూసేయొచ్చన్నారు డాక్టర్, పుండు మానేదాకా ఆగక్కర్లేదని కూడా. 2018లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో కట్టుతోపాటు ముందే మూయించుకున్నవాళ్ళలో సగంమందికి 56 రోజుల్లో మానితే, తర్వాతకి వాయిదా వేసినవాళ్ళకి 82 రోజులు పట్టిందట. ఆరో వారంలో చేయించుకున్నాను, మత్తు కాలికే ఇచ్చారు, ఇంతకంటే చెప్పడానికేం లేదు.

నాలుగు వారాలకి 14 కాస్తా 8 అయింది, గళ్ళు నేనే లెక్కపెట్టాను. పదో వారానికి రెండు. మధ్యలో ఒకసారి పెళుసు చర్మం లేచి మళ్ళీ 3 అయితే ఆ వారం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పంతొమ్మిదో వారం మూసుకుంది. బీపీ మాత్ర మార్చారు. నడుం కింద, కాళ్ళ కింద దిండ్లు పెట్టుకుని మంచం మీదే పడుకుంటున్నా. బల్ల దగ్గర స్టూలు వేసుకున్నాను గానీ కూర్చునేది తక్కువ, దాని బదులు అరగంటకోసారి మడమలెత్తి దించుతున్నాను ఇరవైసార్లు, కుర్రాళ్ళు నవ్వుతారు. ప్యాంటు పొడవు కొలవడానికి వంగినప్పుడు ఎవరి చీలమండ దగ్గరైనా ఆ ఇటుకరంగు కనిపిస్తే మాత్రం నోరు ఊరుకోవడం లేదు, "సార్, ఈ కాలికి ఎప్పుడైనా పిండికట్టు వేశారా" అని అడిగేస్తున్నా. ఇద్దరు వింతగా చూశారు. ఒకాయన కూర్చుండిపోయారు.

మానాక కట్టు పోయి, కొలతలు తీసి ఇచ్చిన ఒత్తిడి మేజోడు వచ్చింది. పొద్దున మంచం దిగకముందే, వాపు చేరకముందే వేసుకోవాలి, రాత్రి తీయాలి, ఇది ఎప్పటికీ. మొదట్లో తొడగడానికి పావుగంట, చెమటలు. రబ్బరు చేతిగ్లౌజులు వేసుకుని నిమిరితే సులువు. మూడు నుంచి ఆరు నెలలకి కొత్తది మార్చాలని సిస్టర్ రెండుసార్లు చెప్పారు, బాగానే ఉంది కదా అని చాలామంది సాగదీస్తారట. ఆ ఒక్కదాంట్లో మాత్రం ఆవిడ నాకు చెప్పాల్సిన పని లేదు. ఎలాస్టిక్ ఎన్ని ఉతుకులకి చస్తుందో నాకు తెలుసు.